నలభై ఒకటో పేరు

జకర్యా కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. అది లేవకపోయి ఉంటే ఇంత జరిగేది కాదు.

రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఉన్న తెలుగు చర్చికి ఆయన ఇరవై నాలుగేళ్ళుగా గుమాస్తా. ఎవరైనా బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలని వస్తే ఇనప బీరువాలోంచి ఆ ఏటి రిజిస్టరు తీస్తాడు. బల్ల మీద పాత తువ్వాలు పరిచి, రిజిస్టరు దాని మీద పెట్టి, కావలసిన వరస మాత్రం కనపడేలా పైనా కిందా రెండు అట్టముక్కలు కప్పి, గుండ్రటి అక్షరాలతో తన చేత్తో నకలు రాసి సీలు వేసి ఇస్తాడు. రిజిస్టరు గడప దాటకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. జెరాక్సు మిషను వెలుతురుకు పాత సిరా వెలిసిపోతుందని ఆయన నమ్మకం. ఈ నమ్మకానికి శాస్త్రం ఏమీ లేదు, మొండితనమే. గుమాస్తాలకు ఆ మాత్రం మొండితనం లేకపోతే లోకంలో ఒక్క పుస్తకమూ మిగలదు.

జూన్ ఆఖరి సోమవారం మధ్యాహ్నం జ్ఞానశేఖర్ వచ్చాడు. బీమా ఆఫీసులో ఉద్యోగం, సంఘంలో పెద్ద, ఉండేది సీతాఫల్‌మండిలో.

"వందనాలండీ జకర్యా గారూ. మా కాంతమణికి మస్కట్‌లో నర్సు ఉద్యోగం వచ్చేలా ఉంది. పాస్‌పోర్టుకి బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలి. ఇవాళ నాలుగింటిలోపల ఇవ్వకపోతే మళ్ళీ వారం ఆగాలండీ."

"ఏ సంవత్సరం?"

"ఎనభై ఐదు. మా ఆవిడ పుట్టింటికి పురిటికొచ్చింది కదా, ఇక్కడే ఇప్పించారు. నేనప్పుడు రాజమండ్రిలో ఉన్నా, సెలవు దొరక్క రాలేకపోయా."

జకర్యా తన బొటనవేలు చూపించాడు. నిమ్మకాయకు చిల్లు పొడిచి, రోసమ్మ పొద్దున్నే ఆ వేలికి తొడిగి గుడ్డ కట్టింది. ఆ చేత్తో కలం పట్టుకోవడం అయ్యే పని కాదు. గడియారం చూస్తే మూడున్నర. ఎదుటి మనిషి సంఘ పెద్ద. ఆడపిల్ల ఉద్యోగం. పైగా ఆయన కొడుకు యెషయా, తన కొడుకు జీవరాజు ఇద్దరూ ఒకే హాకీ క్యాంపులో ఉన్నారు. వచ్చే వారం ఊళ్ళో మొదలయ్యే ఆసియా జూనియర్ పోటీలకు ఇరవై నలుగురితో క్యాంపు నడుస్తోంది, అందులోంచి పద్దెనిమిది మందిని తీసుకుంటారు. మొన్న ఆదివారమే చర్చిలో పాస్టరు అయ్యగారు ఇద్దరి పేర్లూ ఎత్తి ప్రార్థన చేశారు.

జకర్యా రిజిస్టరును గుడ్డసంచిలో పెట్టి, గొడుగు పట్టుకుని, రోడ్డు మీది జెరాక్సు షాపుకు నడిచాడు. ఆ రోజు పుస్తకమూ గడప దాటింది, అట్టముక్కలూ బల్ల మీదే ఉండిపోయాయి. షాపువాడు పేజీ మొత్తానికి నకలు తీసిచ్చాడు. జకర్యా ఎడంచేత్తో వంకర సంతకం చేసి సీలు కొట్టాడు. నలభయ్యో నంబరు కాంతమణి. దాని కిందే నలభై ఒకటి. పేరు: జీవరాజు. తండ్రి: జకర్యా. తల్లి: రోసమ్మ. పుట్టిన తేదీ 1985 మార్చి 9.

అది వాళ్ళ మొదటి బిడ్డ. పది నెలలు బతికాడు. క్రిస్మసుకు రేపల్లె దగ్గర రోసమ్మ పుట్టింటికి తీసుకెళ్తే, జనవరిలో జ్వరం తగిలి అక్కడే పోయాడు. అక్కడే పొలం గట్టున పూడ్చారు. ఇంకో రెండేళ్ళకు పుట్టినవాడికి పోయినవాడి పేరే పెట్టుకున్నారు. చాలా ఇళ్ళల్లో అలా పెట్టుకుంటారు, పేరైనా మిగలాలని. కానీ ఈసారి రోసమ్మ పసివాడికి బాప్తిస్మపు నీళ్ళు పోయించనంది. "మొదటివాణ్ణి తొందరపడి దేవుడికి అప్పజెప్పాం, తీసుకుపోయాడు. వీడు పెద్దయ్యాక తనే అడిగితే అప్పుడు చూద్దాం" అంది. వాడు పదహారేళ్ళకు అడిగాడు, అప్పుడు బాప్తిస్మం తీసుకున్నాడు.

రిజిస్టరులో ఆఖరి గడి పేరు 'విశేషాలు'. సంఘంలో ఎవరు పోయినా జకర్యా సమాధుల తోట నుంచి తిరిగొచ్చి, చేతులు కడుక్కుని ముందు చేసే పని ఆ మనిషి వరస వెతికి, ఆ గడిలో 'ప్రభువునందు నిద్రించెను' అని తేదీతో రాయడం. ఆ ఒక్క పేజీలోనే ఏడుగురికి రాశాడు. నలభై ఒకటో నంబరు ఎదురుగా మాత్రం ఏమీ లేదు. ఊరినుంచి తిరిగొచ్చిన రోజున రోసమ్మ "రాశారా?" అని అడిగితే "రాశా" అన్నాడు. రాయలేదు. రేపు రాద్దామనుకున్నాడు. ఆ రేపు ఇరవై రెండేళ్ళు సాగింది.

జ్ఞానశేఖర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

*

గురువారం మిట్టమధ్యాహ్నం రాంగోపాల్‌పేట్‌లో తమ రెండు గదుల ఇంటికి జకర్యా భోజనానికి వచ్చేసరికి గుమ్మంలో జీవరాజు కూర్చుని ఉన్నాడు. క్యాంపులో ఉన్నవాళ్ళు ఇళ్ళకు రాకూడదు. రోసమ్మ ఇంకా బడి నుంచి రాలేదు, ఆమె ఒకటో తరగతి టీచరు.

"డాడీ, నా ఏజ్ మీద కంప్లైంట్ పడ్డది" అన్నాడు జీవరాజు, తల ఎత్తకుండా. "ఎనభై ఎనిమిది జనవరి ఒకటి తర్వాత పుట్టాలె గదా. నేను ఎనభై ఐదులనే పుట్టిన్నంట. ప్రూఫ్ సుత ఇచ్చిన్రు."

వాడు జేబులోంచి తీసిన కాగితాన్ని జకర్యా చూడగానే గుర్తుపట్టాడు. అది నకలుకు నకలు. కింద తన ఎడంచేతి వంకర సంతకం, చర్చి సీలు. నలభై ఒకటో నంబరు కింద ఎవరో ఎర్ర పెన్నుతో గీత గీశారు.

"ఇది వాడే గదా డాడీ? నాకన్న ముందు పుట్టినోడు?"

"వాడేరా."

"మరి చచ్చిపోయిండని అందులో రాసిలేదేంది?"

జకర్యా ఆ కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. అన్నం తినకుండానే కొడుకు వెంట బయల్దేరాడు.

గ్రౌండులో ప్రాక్టీసు నడుస్తోంది. టర్ఫు మీద నీళ్ళు కొట్టారు, కుర్రాళ్ళు పరిగెత్తినప్పుడల్లా బూట్ల వెనక తుంపర లేస్తోంది. పెనాల్టీ కార్నర్ పడ్డప్పుడు గోలు గీత మీద ఐదుగురు నిలబడతారు. బంతి కదలగానే వాళ్ళలో ఒకడు కొట్టేవాడి మీదికి తిన్నగా ఉరికి, స్టిక్కుతో అయినా ఒంటితో అయినా దాన్ని ఆపాలి. వాణ్ణి రషర్ అంటారు. ఆ పని ఎవరూ కావాలని అడగరు. జీవరాజు పదిహేనేళ్ళప్పుడు అడిగి తీసుకున్నాడు. రెండు వేళ్ళు విరిగాయి, మోకాలి చిప్ప ఒకసారి జరిగింది, తొడల మీద ఎప్పుడూ రెండు మూడు నీలిమచ్చలుంటాయి. రోసమ్మ వాటికి పసుపు వేడిచేసి పట్టు వేసేటప్పుడు తిట్టని తిట్టు ఉండదు. ఇప్పుడు ఆ చోట యెషయా ఉన్నాడు. ఉరుకుతున్నాడు కానీ, కొట్టేవాడి స్టిక్కు లేవగానే తెలియకుండానే ముఖం పక్కకు తిప్పుకుంటున్నాడు.

మేనేజరు సదాశివ గీత బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సికింద్రాబాద్ మనిషే, తానూ ఒకప్పుడు ఆడినవాడే. జకర్యాను చూసి లేచి నిలబడ్డాడు.

"జకర్యా సాబ్, కూసోండ్రి. మీ పిలగాడు నాకు ఎర్కే. వాడు లేకుంటే కార్నర్‌కొక గోలు తింటం మేము. గనీ ఢిల్లీలకెళ్ళి వచ్చిన సెలెక్టర్లకు కాగితం గావాలె. ఎముకల ఎక్స్‌రే తీపిస్తే పంతొమ్మిదికీ ఇరవై మూడుకూ నడుమ అని రాసిచ్చిండు డాక్టరు. గది పనికొస్తదా?"

"వాడి బర్త్ సర్టిఫికెట్ ఉందండీ."

"ఉన్నది. బడిల ఏసేటప్పుడు తీస్కున్నది. ఆర్నెల్ల పిలగానికి తీసింది గాదు, ఐదేండ్ల పిలగానికి తీసింది. అదే డౌటంటున్నరు."

"పదహారేళ్ళకి బాప్తిస్మం తీసుకున్నాడు, ఆ రిజిస్టరులో..."

"గదాంట్ల తారీఖు ఎవరు చెప్పిన్రు? మీరే. రాసింది ఎవరు? మీరే." సదాశివ గొంతు తగ్గించాడు. "మొదటి పిలగాడు సచ్చిపోయిండంటున్నరు, నేను నమ్ముతున్న. డెత్ సర్టిఫికెట్ ఉన్నదా? సమాధి ఉన్నదా? ఫొటో గిట్ల ఏమన్న?"

ఏదీ లేదు. ఫొటో తీయించాలనుకున్న నెలలోనే వాడు పోయాడు. పూడ్చిన పొలం చేతులు మారి రొయ్యల చెరువైంది. మంత్రసాని పోయింది, నీళ్ళు పోసిన పాత అయ్యగారు పోయారు, తాతా అమ్మమ్మా పోయారు, అప్పటి సంఘంలో వాణ్ణి ఎత్తుకున్న ముసలివాళ్ళూ పోయారు.

"శనివారం పొద్దుగూకేలోపల లిస్టు పంపాలె" అన్నాడు సదాశివ. "ఏమన్న కాగితం దొరుకుతదేమో జెర సోంచాయించుండ్రి."

*

ఆ సాయంత్రం జకర్యా సీతాఫల్‌మండిలో జ్ఞానశేఖర్ ఇంటికి వెళ్ళాడు. జగడం ఆడాలనే బయల్దేరాడు కానీ జగడం ఆయనకు చేతకాదు. గుమ్మంలో చెప్పులు విడిచేసరికే కోపం సగం దిగిపోయింది.

జ్ఞానశేఖర్ తప్పించుకోలేదు. "నేనే ఇచ్చానండీ" అన్నాడు. "నా కూతురి పేరు చూసుకుంటుంటే కింద మీవాడి పేరు కనపడింది. రెండు రాత్రులు నిద్రపట్టలేదు నాకు. మావాడు నాలుగేళ్ళుగా తెల్లారి ఐదింటికి లేచి పరిగెడుతున్నాడు, వాడి చోటు ఇంకొకడు దొంగ వయసుతో తీసుకుపోతుంటే తండ్రిగా చూస్తూ ఊరుకోవాలా? మీ సీలే, మీ సంతకమే. నేనేమైనా కల్పించానా?"

కల్పించలేదు. అదే కష్టం. ఎదుటివాడు దుర్మార్గుడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

"వాడు మా మొదటివాడండీ. పది నెలలకే పోయాడు. మీ దేవకృపమ్మ గారికి తెలుసు. ఇద్దరికీ ఒకే ఆదివారం నీళ్ళు పోశారు."

జ్ఞానశేఖర్ వంటింటి వైపు తిరిగాడు. దేవకృప గుమ్మంలో చేతిలో టీ కప్పుతో నిలబడి ఉంది. లోపల యెషయా స్టిక్కులు గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె వాటి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, జకర్యా వైపు చూడలేదు.

"నీకేమైనా గుర్తుందా?" అని అడిగాడు జ్ఞానశేఖర్.

"లేదండీ" అంది ఆమె. "పురిటి ఇల్లు. ఐదో నెలలో మీ దగ్గరికి వచ్చేశాను. నాకేం గుర్తులేదు."

టీ కప్పు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. జకర్యా ఆ టీ తాగకుండా వస్తే బాగుండదని తాగాడు. సంఘ పెద్ద ఇంట్లో టీ వదిలేసి రావడం కూడా ఆయనకు చేతకాలేదు.

*

శుక్రవారం పదకొండింటికి సదాశివ స్వయంగా చర్చి ఆఫీసు గదికి వచ్చాడు. రిజిస్టరు చూపించమన్నాడు. జకర్యా తువ్వాలు పరిచి, తీసి చూపించాడు. సదాశివకు తెలుగు రాత చదవడం అలవాటు తక్కువ. వేలుపెట్టి నెమ్మదిగా కూడబలుక్కుని చదివాడు. నలభై ఒకటో నంబరు చివర ఖాళీ గడి దగ్గర వేలు ఆపాడు.

"గీ ఏడుగురికి రాసిన్రు. మీ కొడుక్కే ఎందుకు రాయలే?"

"చెయ్యి రాలేదండీ."

సదాశివ రిజిస్టరు నెమ్మదిగా మూశాడు. ఆయన మంచివాడు, అందులో సందేహం లేదు. కొందరు మంచివాళ్ళు చేసే సాయం పగవాడు చేసే కీడు కంటే లోతుగా దిగుతుంది.

"ఇప్పుడు రాస్తే ఫాయిదా లేదు. ఖాళీ గడి జెరాక్సు వాళ్ళ చేతిల ఉన్నది. కొత్త సిరాతోని రాస్తే మీ నౌకరీ పోతది, పిలగాని మీద బ్యాన్ సుత పడ్తది." గొంతు సవరించుకున్నాడు. "ఇంకొక తొవ్వ ఉన్నది సాబ్. గుమాస్తా మిస్టేక్ అని రాసియ్యుండ్రి. గా పేరు తప్పుగ ఎక్కింది, అసలు గసొంటి పిలగాడే లేడు, ఎంట్రీ క్యాన్సిల్ అని. మీ అయ్యగారి సంతకం, సీలు ఉంటె చాలు."

"లేడని ఎలా రాస్తానండీ? ఉన్నాడుగా."

"సచ్చిపోయిండంటే సర్టిఫికెట్ అడుగుతరు. పుట్టనే లేదంటే ఏ సర్టిఫికెట్ అవసరం లేదు."

అది చెప్పి, చెప్పినందుకు తనే ముఖం ముడుచుకుని సదాశివ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, "రేపు పన్నెండింటి దాంక చూస్త" అన్నాడు.

సాయంత్రం జకర్యా ఇంటికి వెళ్ళేసరికి రోసమ్మ పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. జరిగిందంతా ఆమెకు చెప్పాలి. వయసు గొడవ గురించి నిన్ననే చెప్పాడు, ఖాళీ గడి సంగతి మాత్రం మింగేశాడు. ఇప్పుడు అదీ చెప్పాడు.

చేటలో ఆమె వేళ్ళు ఆగాయి.

"రాశానన్నారుగా."

"రాయలేకపోయా రోసమ్మా. కలం తీసేవాణ్ణి. 'ప్ర' అనే అక్షరం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. కాగితం మీద రాస్తే నిజంగానే పోయినట్టు అనిపించేది."

"నేను ఇన్నేళ్ళూ ఏమనుకుంటున్నానో తెలుసా?" ఆమె కోపంగా అనలేదు. "సమాధి లేకపోతేనేం, ఫొటో లేకపోతేనేం, గుళ్ళో పుస్తకంలో వాడు వచ్చిందీ పోయిందీ సరిగ్గా రాసి ఉందిలే అనుకుంటున్నా. దాంతోనే సర్దుకున్నా."

జకర్యా గోడకు చేరగిలబడి తల వంచుకున్నాడు. తన పిరికితనం ఒక్కటే ఇంట్లో ఇద్దరు పిల్లల్నీ కొట్టిందని ఆయనకు అర్థమైంది. సదాశివ చెప్పిన దారి కూడా చెప్పేశాడు, ఆమె వద్దంటుందనే ఆశతో. ఆమె వద్దంటే ఇక తాను చేయగలిగింది ఏమీ ఉండదు, ఆ బరువు దిగిపోతుంది. మనసులో ఆయన కోరుకున్నది అదే.

రోసమ్మ మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. చేట సగానికి వచ్చాక అంది:

"రాసివ్వండి."

"రోసమ్మా..."

"పోయినోడికి దేవుడున్నాడు. ఉన్నోడికి మనమే ఉన్నాం." ఒక రాయి తీసి గుమ్మం బయటకు విసిరింది. "నా ముందు మాత్రం రాయకండి. రాశాక నాకు చూపించకండి."

*

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసు గదిలో ఫోను మోగింది. క్యాంపు నుంచి జీవరాజు.

"డాడీ, సార్ చెప్పిండా?"

"చెప్పాడు."

"మరి?" వెనక ఎవరో విజిల్ ఊదారు. "కాగితమే గదా డాడీ."

వాడికి ఇరవై ఏళ్ళు. ఎన్నడూ చూడని అన్న వాడికి కాగితమే అవుతాడు. తప్పు పట్టడానికి లేదు. "అవున్రా, కాగితమే" అని జకర్యా ఫోను పెట్టేశాడు.

వేలి మీద కట్టు నిన్ననే విప్పేసింది రోసమ్మ. నొప్పి తగ్గింది, చెయ్యి బాగానే ఉంది. ఇక ఆ వంక కూడా లేదు. ముందు ఉత్తరం రాశాడు. 'మా సంఘపు 1985వ సంవత్సరపు బాప్తిస్మం రిజిస్టరులో నలభై ఒకటవ నంబరు కింద గల పేరు గుమాస్తా పొరపాటు వలన చేరినది. అట్టి శిశువుకు ఈ సంఘములో బాప్తిస్మము ఇయ్యబడలేదు. కావున ఆ నమోదు రద్దు చేయడమైనది.' ఎప్పటిలా గుండ్రటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు.

తర్వాత రిజిస్టరు తీశాడు. తువ్వాలు పరిచాడు. పైనా కిందా అట్టముక్కలు పెట్టాడు. ఎర్ర సిరాతో స్కేలు ఆనించి కొడుకు పేరు మీద గీత గీశాడు. పుట్టిన తేదీ మీద గీశాడు. తండ్రి పేరు మీద, తల్లి పేరు మీద గీశాడు. ఇరవై రెండేళ్ళు ఖాళీగా కాపాడిన విశేషాల గడిలో 'పొరపాటు. రద్దు' అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం చేశాడు. పని అయ్యేదాకా చెయ్యి వణకలేదు. నిజం రాయడానికి రాని చెయ్యి అబద్ధానికి ఇంత హాయిగా ఎలా వచ్చిందా అని ఆయన తన చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు ఏడుపు వచ్చింది. సిరా మీద పడకుండా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

అయ్యగారు ఈ సంఘానికి వచ్చి రెండేళ్ళే అయింది. ఉత్తరం చదివి ఆశ్చర్యపోయారు.

"మీరు కూడా పొరపాటు చేస్తారా జకర్యా గారూ?"

"కొత్తలో అండీ. పని తెలియని రోజులు."

అయ్యగారు సంతకం చేశారు. పన్నెండుకు పది నిమిషాల ముందు కాగితం సదాశివ చేతిలో ఉంది. సాయంత్రం లిస్టు వచ్చింది. పద్దెనిమిదిలో జీవరాజు పేరుంది. యెషయా స్టాండ్‌బై. ఎవరికైనా దెబ్బ తగిలితే పిలుస్తారు.

*

మొదటి మ్యాచి మలేషియా కుర్రాళ్ళతో. ఆ తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం జకర్యా, రోసమ్మ జేమ్స్ స్ట్రీట్‌లో లోకల్ రైలెక్కి లింగంపల్లిలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో స్టేడియానికి వెళ్ళారు. ఆటగాళ్ళ తల్లిదండ్రులకు పాసులిచ్చారు. సన్నగా తుంపర పడుతోంది. రోసమ్మ ఈస్టరుకు కొన్న చీర కట్టుకుంది. వారం నుంచి మొగుడూ పెళ్ళాం వంట గురించి, నీళ్ళ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ముందు వరుసలో మెడలో గుర్తింపు బిళ్ళలు వేసుకున్న టోర్నమెంటు వాళ్ళు నలుగురు కూర్చున్నారు. వెనక ఎవరో కాలేజీ కుర్రాళ్ళు. జట్టు బయటకు వచ్చి వరుసగా నిలబడింది, మైకులో ఒక్కో పేరూ చదివారు. జీవరాజు పేరు వచ్చినప్పుడు వెనక కుర్రాళ్ళలో ఒకడు "వీడే ఆ దొంగ వయసోడు" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. జకర్యా రోసమ్మ వైపు చూడలేదు.

మొదటి సగంలో మలేషియాకు పెనాల్టీ కార్నర్ పడింది. జీవరాజు గీత మీద వంగి నిలబడ్డాడు. బంతి కదలడమే తరువాయి, తిన్నగా ఉరికాడు. చప్పుడు పై మెట్ల దాకా వినపడింది. బంతి తొడకు తగిలి గీత దాటి బయటకు పోయింది. వాడు రెండు నిమిషాలు నేల మీద కూర్చుని, లేచి, కుంటుకుంటూ మళ్ళీ తన చోటికి వెళ్ళాడు. జనం చప్పట్లు కొట్టారు. అపహాస్యం చేసిన కుర్రాళ్ళు కూడా కొట్టారు. జకర్యా కొట్టాడు. రోసమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

విరామంలో దేవకృప మెట్లెక్కి వచ్చింది. ఒంటరిగా వచ్చింది, తలమీద చీర కొంగు తడిసి ఉంది. రోసమ్మ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంది. తడిసిన కొంగు పిండుకుంది.

"అక్కా, ఆ రోజు నేను అబద్ధం చెప్పా" అంది. "నాకు గుర్తుంది. అంతా గుర్తుంది. నీకు జ్వరమొచ్చి పాలు పడకపోతే నాలుగు రోజులు వాడికి నా పాలే ఇచ్చా. కాంతమణి ఒక పక్కన, వాడొక పక్కన. తాగుతూ తాగుతూ నా గాజులు పట్టుకుని లాగేవాడు. వాడు పోయాడని మా అమ్మ ఉత్తరం రాస్తే రాజమండ్రిలో ఒంట్లో బాలేదని ఆయనతో చెప్పి మూడు రోజులు అన్నం తినలేదు నేను."

రోసమ్మ ఆమె వైపు తిరగలేదు.

"యెషయా కోసం నోరు మూసుకున్నానక్కా. తప్పయింది. ఇప్పుడు చూడు, మీవాణ్ణి అందరూ దొంగ వయసంటున్నారు. గేటు దగ్గర విన్నా, ఇక్కడా వింటున్నా. నేను చెప్తా. ఆయన వద్దన్నా సరే, ఎవరి ముందైనా చెప్తా. రాసి సంతకం పెడతా. ముందు ఒకడు పుట్టి పోయాడని నాకు తెలుసని చెప్తా." ఆమె గొంతు పెరిగింది. ముందు వరుసలో బిళ్ళ వేసుకున్న వాళ్ళలో ఒకాయన తల కొంచెం ఇటు తిప్పాడు.

ఇరవై రెండేళ్ళుగా లేని సాక్షి తన కాళ్ళతో తాను నడిచి వచ్చింది. వారం ముందు వచ్చి ఉంటే జకర్యా ఆమె కాళ్ళకు మొక్కేవాడు. ఇప్పుడు ఆమె నోటివెంట వచ్చే ప్రతి మాటా కింద గ్రౌండులో నీళ్ళు తాగుతున్న కుర్రాడి మెడ మీద పడుతుంది. చర్చి సీలుతో 'లేడు' అని రాసిచ్చిన బిడ్డను ఈమె ఉన్నాడంటోంది.

రోసమ్మ దేవకృప మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఎవరి గురించి చెప్తున్నావు దేవకృపా?" అంది. ముందు వరుసకు వినపడేంత గొంతుతో అంది. "మాకు ఒక్కడే. వాడే, ఆ ఆడుతున్నవాడే. ముందెవరూ లేరు."

"అదేంటక్కా..."

"నువ్వు ఎవరి బిడ్డకో పాలిచ్చి ఉంటావు. నా బిడ్డకు కాదు."

దేవకృప రోసమ్మ మీదుగా జకర్యా వైపు చూసింది. ఆయన ఏదో ఒకటి అనాలి. బిళ్ళ వేసుకున్నాయన ఇంకా తల తిప్పే ఉన్నాడు.

"పొరపాటేనమ్మా" అన్నాడు జకర్యా. "అప్పట్లో నేనే పుస్తకంలో పొరపాటున రాశా. రద్దు చేశాం."

ఆ 'రద్దు' అనే మాట దగ్గర దేవకృపకు అంతా తెలిసిపోయింది. ఆమె ముఖం చూస్తుంటే తెలిసిపోవడం కనపడింది. మణికట్టు విడిపించుకోలేదు. పమిటతో ముఖం తుడుచుకుంది.

"అంతేనేమో అక్కా" అంది, ఆమె కూడా ముందు వరుసకు వినపడేలాగే. "నేనే మరిచిపోయి మాట్లాడుతున్నా. ఎవరి బిడ్డో."

బిళ్ళ వేసుకున్నాయన తల అటు తిప్పుకున్నాడు.

వాణ్ణి ఒళ్ళో ఎత్తుకున్న వాళ్ళలో ఈ భూమ్మీద మిగిలింది ఆ ముగ్గురే. ముగ్గురూ ఒప్పుకున్నారు. కింద ఆట మళ్ళీ మొదలైంది. రోసమ్మ దేవకృప చెయ్యి వదలలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఆట అయ్యేదాకా అలాగే కూర్చున్నారు.